బతికొచ్చినవాడి రాయి

కొల్లిపర నుంచి మందులకో, పుస్తకాలకో, రైలు ఎక్కడానికో తెనాలి వచ్చేవాళ్ల కళ్లకు బాగా అలవాటైన చోటు రణరంగ్ చౌక్. అక్కడ ఏడు స్తంభాలున్నాయి. 1942 ఆగస్టు 9న గాంధీజీని అరెస్టు చేశారు. 12న తెనాలి జనం రైల్వేస్టేషన్ మీదికి వెళ్లారు. స్టేషన్ తగలబడింది, పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు నేలకొరిగారు. ఆ ఏడుగురి గుర్తుగా నిలిచినవే ఈ ఏడు స్తంభాలు. ఏటా ఆగస్టు 12న వాటికి పూలదండలు పడతాయి. ఊరు తన ఋణాన్ని మరిచిపోలేదు. కానీ ఆ ఏడు అనే లెక్క దగ్గరే మనసు ఆగిపోతుంది. గుంపు మీద తుపాకులు పేలితే గుండు తగిలిన ప్రతివాడూ చచ్చిపోడు గదా? భుజంలోంచో పిక్కలోంచో గుండు దూసుకుపోయినవాడు, నెత్తురోడుతూ సందుల్లోంచి ఇంటికి చేరినవాడు, పుండు మానాక మళ్లీ పొలానికీ బడికీ ఊరి పనికీ నడిచినవాడు ఏ రాతి మీద ఉన్నాడు? ఎనిమిదో స్తంభం గురించి అడగడం ఆ ఏడుగురికి అపచారమవుతుందా? కాదనే అనుకుంటున్నాను. ప్రాణం ఇచ్చినవాళ్లకు మనం చేయగలిగింది దండ వేయడం ఒక్కటే. ప్రాణం మిగిలి, ఆ మిగిలిన ప్రాణాన్ని కూడా పదిమందికి ఇచ్చినవాడికి ఏం చేయాలో మనకింకా తెలియలేదని మాత్రం అనిపిస్తుంది.

చచ్చినవాడి కళ్లు చారెడు అని సామెత. మన రాళ్లు కూడా ఆ సామెత దారిలోనే నడిచాయి. పల్నాటి కారంపూడిలో వీర్లగుడి ఉంది. కార్తీక అమావాస్య వచ్చిందంటే ఎక్కడెక్కడి ఆచారవంతులో ఆయుధాలు పట్టుకుని అక్కడికి చేరతారు, నాగులేటి నీళ్లలో వాటిని కడుగుతారు, ఎనిమిది శతాబ్దాల నాటి యుద్ధంలో పడిపోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. తెలుగునాట ఊరి పొలిమేరల్లో కనిపించే వీరగల్లులన్నీ ఇంతే. కత్తి ఎత్తిన మనిషి, పైన సూర్యచంద్రులు, అతని వీరమరణం. వీరగల్లు చావుతో మొదలై చావుతోనే ముగుస్తుంది. అదే పల్నాటి కథలో బ్రహ్మనాయుడు యుద్ధం తర్వాత కూడా బతికే ఉన్నాడు, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు. కథలో ఈ ముగింపు నన్ను చాలా కాలంగా వేధిస్తోంది. అంతమందిని పోగొట్టుకుని మిగిలిన పెద్దమనిషికి ఊళ్లో చోటు చూపించలేక, కథ చెప్పేవాళ్లు ఆయన్ను గుహలోకి పంపేశారా? పడిపోయినవాడికి గుడి కట్టగలిగిన ఊహ, బతికినవాడి మర్నాడు ఎలా ఉంటుందో చెప్పలేకపోయిందా? రక్తం ఆరిన మర్నాడు చాపకూడు ఎవరు వండారు, గొడ్లను ఎవరు తోలుకొచ్చారు, తల్లులకు కబురు ఎవరు చెప్పారు అన్న ప్రశ్నలకు వీరగల్లు మీద చోటు లేదు.

అయితే మన రాళ్లలో రెండో రకం కూడా ఉంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో భట్టిప్రోలు తగులుతుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి కరండాలు దొరికాయి. వాటి మీద రాత ఉంది. క్రీస్తుకు ముందు నాటి రాత, ఈ ప్రాంతంలో మనకు తెలిసిన అతి పాత రాతల్లో ఒకటి. ఎవరి గురించి రాశారు? రాజు కుబిరకుడి పేరు ఉంది, నిజమే. దానితోపాటు ఆ పనికి పూనుకున్న గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ఇప్పటి మాటల్లో కమిటీ మెంబర్ల జాబితా అది. కృష్ణ ఒడ్డునే కాస్త ఎగువకు పోతే అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చిన సంగతి ఆ రాయే చెబుతుంది. చెప్పులు కుట్టే చేతుల పేరు చెరిగిపోకుండా మన దాకా వచ్చింది. ఈ సీమలో రాయి మొదట రాసిపెట్టింది మనుషులు కలిసి చేసిన పనిని. ఆ తర్వాత వచ్చిన దానశాసనాలదీ అదే తీరు. ఫలానా సంవత్సరం, ఫలానావాడు, ఫలానా చెరువుకో దీపానికో ఇంత భూమి ఇచ్చాడు, సూర్యచంద్రులున్నంత కాలం ఇది చెల్లాలి, చెరిపినవాడికి పాపం. పొగడ్త ఎంత ఉన్నా చివరికి లెక్క తేలుతుంది. వీరగల్లు మీద చెక్కిన సూర్యచంద్రులే ఇక్కడ మాటలుగా వచ్చారు. అక్కడ చనిపోయినవాడి కీర్తికి సాక్షులు, ఇక్కడ చేసిన పని కొనసాగాలన్న కోరికకు సాక్షులు.

ఈ రెండు రకాల రాళ్లూ ఒకే మనిషి దగ్గర కలిసిన సందర్భం లేదా అంటే, చేబ్రోలు ఉంది. కాకతీయ గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి జాయపసేనాని. 1213 నాటి చేబ్రోలు శాసనం ఆయన అక్కడ తండ్రి పేరిట కట్టించిన చోడేశ్వరాలయం సంగతి చెబుతుంది. అదే సేనాని తర్వాతి కాలంలో నృత్తరత్నావళి రాశాడు. ఏనుగులను యుద్ధానికి నడిపినవాడు అడుగులెలా వేయాలో, చేతులెలా తిప్పాలో శాస్త్రంగా రాసిపెట్టాడు. ఈ రోజు ఆయన పేరు ఎత్తితే ఎవరూ ఏ కోట పట్టుకున్నాడని అడగరు. నాట్యం గురించి, గుడి గురించి అడుగుతారు. యుద్ధం ఆయన బతుకులో ఒక భాగం. మన దాకా వచ్చింది మాత్రం యుద్ధం బయట చేసిన పని.

కొల్లిపర చుట్టుపక్కల పొలాలకు నీళ్లు తెచ్చే కాలవలను చూసినా ఇదే తేలుతుంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టింది కెప్టెన్ చార్లెస్ ఆర్. 1855కు అది పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చేదాకా ఈ డెల్టాకు అదే ఆధారం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా మిలిటరీ మనిషే. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పోరాడాడు. ఆ తర్వాత ఆరోగ్యం పదేపదే దెబ్బతింది, దూరదేశాలకు పోయి విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. ఆయన్ను గాయపడ్డ సైనికుడు అనడం సరికాదు. ఒళ్లు చెడిపోయినా పని వదలని సైనికుడు అనడం న్యాయం. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని కాలవగట్టు వెతకాల్సిందే. ఆ విగ్రహాల ముందు దండం పెట్టే రైతుల్లో బర్మా యుద్ధం సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? తెలియకపోవడం వల్ల లోటేమైనా వచ్చిందా? పరాయి పాలకుల ఉద్యోగిని మన జనం క్షమించింది, ప్రేమించింది, గుర్రం మీద విగ్రహం పెట్టింది ఆయన పట్టుకున్న తుపాకిని చూసి కానే కాదు. నీళ్లు పారాయి, అన్నం వచ్చింది. చెప్పకుండానే మన జనం ఒక తీర్పు ఇచ్చారు: సైనికుడి మిగిలిన జీవితాన్ని బట్టి అతన్ని గుర్తుపెట్టుకోవాలి. ఈ తీర్పును కాటన్ దొర లాంటి పెద్దవాళ్ల దగ్గర ఆపేయకుండా మామూలు జవాను దాకా తీసుకురావాలన్నదే నా వాదన.

ఎందుకంటే మామూలు జవాను ఊళ్లో ఎలా మిగిలిపోతాడో చూడండి. సెలవు తీసుకుని వచ్చేసినవాణ్ని ఊరు మిలిటరీ ఆయన అంటుంది. పెన్షన్ పుస్తకం, ఇనప్పెట్టె, తెల్లవారుజామున నడక, మాట్లాడితే మధ్యలో రెండు హిందీ ముక్కలు. ఆయన ఇల్లు అడ్రసుకు ఆనవాలు అవుతుంది. మిలిటరీ ఆయన ఇల్లు దాటాక రెండో సందు అంటారు. అదే కాలో చెయ్యో పోగొట్టుకుని వచ్చాడనుకోండి. అప్పుడు పేరుకు ముందు మిలిటరీ అన్న మాట కూడా నిలవదు. ఏ అవయవం పోయిందో ఆ అవయవమే పేరుగా అంటుకుంటుంది. ఊరికి కోపం ఉండి కాదు, అలవాటు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఆయన పంచాయతీలో పనిచేసినా, బడి గోడ కట్టించినా, వరదల్లో లంకల్లో చిక్కుకున్నవాళ్లకు పడవలు పంపించినా, ఆ పాత పేరు మాత్రం పోదు. మనుషులు నోటితో పెట్టిన పేరు ఒక రకం శాసనమే. దానికి సూర్యచంద్రుల సాక్ష్యం అక్కర్లేదు, నలుగురు పిల్లలు వీధిలో అరిస్తే చాలు. ఈ నోటి శాసనం తప్పుగా పడిందనుకుంటే, దాన్ని దిద్దడానికి రాతి మీద ఇంకొకటి వేయాలి. గాయం సంగతి అందులో ఒక్క పంక్తి ఉండాలి. మిగతా పంక్తులన్నీ ఆయన చేసిన పనివి.

ఇది కొత్త ఊహేమీ కాదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని బాటిల్‌క్రీక్ పట్టణంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక ఆసుపత్రి భవనం ఒకటుంది. కాళ్లూ చేతులూ దెబ్బతిన్న సైనికులను అక్కడ చేర్చేవారు. వాళ్లలో ముగ్గురు ఆ తర్వాత సెనేటర్లయ్యారు. ఫిలిప్ హార్ట్ 1944లో నార్మండీ తీరంలో దిగిన రోజున గాయపడ్డాడు. బాబ్ డోల్ 1945 ఏప్రిల్ 14న ఇటలీ కొండల్లో దెబ్బతిన్నాడు, కుడిచెయ్యి మళ్లీ పనిచేయలేదు. జపాన్ మూలాలున్న కుటుంబంలో పుట్టిన డేనియల్ ఇనౌయె సరిగ్గా వారం తర్వాత అదే ఇటలీలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. డోల్ ఒక పార్టీ, మిగిలిన ఇద్దరూ ఎదుటి పార్టీ. 2003లో ఆ భవనానికి ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. డోల్ సెనేట్‌లో తన మొదటి ప్రసంగానికి ఎంచుకున్న రోజు 1969 ఏప్రిల్ 14. గాయపడ్డ రోజే, ఇరవై నాలుగేళ్ల తర్వాత. మాట్లాడింది యుద్ధం గురించి కాదు, వికలాంగుల గురించి. 1990లో అక్కడ వికలాంగుల హక్కుల చట్టం వచ్చినప్పుడు దాని కోసం నిలబడ్డవాళ్లలో ఆయన ఒకరు. పని చేయని ఆ కుడిచేతిలో ఎప్పుడూ ఒక కలం పట్టుకుని ఉండేవాడు, ఎదుటివాళ్లు చెయ్యి కలపడానికి దాన్ని పట్టుకోకుండా. ఆ కలాన్ని తలుచుకుంటే, గాయం మానడం అంటే ఏమిటో కొంచెం తెలుస్తుంది. అది మానలేదు. రోజూ దాన్ని దాచుకుంటూ, కాచుకుంటూ, ఆ బాధే తనకు నేర్పిన సంగతిని ఇతరుల కోసం చట్టంగా మార్చే పనిలో నిలబడ్డాడు.

మన దేశంలోనూ ఇలాంటివారున్నారు. 1971 యుద్ధంలో సిల్హెట్ దగ్గర గూర్ఖా దళం అధికారి ఇయాన్ కార్డోజో మందుపాతర మీద కాలు వేశాడు. మత్తుమందు లేదు, పరికరాలు లేవు. నుజ్జయిన కాలును తన సొంత కుక్రీతో తానే నరికేసుకున్నాడు. బందీగా ఉన్న పాకిస్తానీ సర్జన్ ఆయనకు ఆపరేషన్ చేశాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది కుక్రీ దగ్గరే ఆపేస్తారు. వినేవాళ్ల ఒళ్లు గగుర్పొడుస్తుంది, కథ అయిపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. చెక్కకాలుతో బెటాలియన్‌ను నడపగలనని ఆయన సైన్యాన్ని ఒప్పించాల్సి వచ్చింది. పరుగెత్తి చూపించాడు, కొండలెక్కి చూపించాడు. మన సైన్యంలో, యుద్ధంలో అవయవం పోగొట్టుకుని బెటాలియన్‌కూ తర్వాత బ్రిగేడ్‌కూ అధిపతి అయిన మొదటి అధికారి అయ్యాడు. 2005 నుంచి 2011 దాకా భారత పునరావాస మండలి అధ్యక్షుడిగా పనిచేశాడు. వికలాంగులకు చదువు చెప్పేవాళ్లకూ చికిత్స చేసేవాళ్లకూ తగిన శిక్షణ ఉందో లేదో చూసే సంస్థ అది. కుక్రీ దెబ్బ ఒక్క క్షణం. మండలిలో కాయితాలు తిరగేసిన రోజులు ఆరేళ్లు. రాతి మీద ఏది ఎక్కువ చోటు తీసుకోవాలి?

ఈ వాదనకు కొన్ని అభ్యంతరాలు వస్తాయి, అవి తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది, ప్రజాసేవ చేసినందుకు జీతం ముట్టింది గదా, మాజీ సైనికుల కోటాలో ఉద్యోగం కూడా దొరికింది గదా, మళ్లీ రాయి ఎందుకు అని. జీతం తీసుకున్నవాడికి గౌరవం దక్కకూడదంటే కాటన్ విగ్రహాలన్నీ తీసేయాలి. జాయపసేనాని శాసనం కూడా పక్కన పెట్టాలి. జీతం చేయాల్సిన పనికి వస్తుంది. అంతకు మించి చేసినదాన్ని ఊరే గుర్తుపట్టాలి, పేస్లిప్పులో అది కనపడదు. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. గాయానికి రాయి వేయడమంటే యుద్ధానికి హారతి పట్టడం కాదా? ఈ భయం నాకూ ఉంది. సైనికుడి రక్తాన్ని చూపించి ఓట్లడిగే కాలం ఇది. కానీ చనిపోయినవాడి స్తంభం కంటే గాయపడి బతికినవాడి రాయి యుద్ధం గురించి ఎక్కువ నిజం చెబుతుంది. వీరమరణంలో ఒక ముగింపు ఉంది, కాబట్టి దాన్ని పాటగా పాడుకోవచ్చు. మోకాలి కింద ఏమీ లేకుండా ముప్ఫై ఏళ్లు వాన చినుకుల్లో నొప్పి పుట్టే మనిషి బతుకును పాటగా పాడలేం. అక్కడ యుద్ధం ఖర్చు ఎంతో, ఆ ఖర్చు ఎన్నేళ్లు కట్టాల్సి వస్తుందో కనిపిస్తుంది. యుద్ధాన్ని పొగడాలనుకునేవాడికి ఈ రాయి పనికిరాదు.

మూడోది, ఇప్పటికే మన రోడ్ల మీద రాళ్లూ విగ్రహాలూ ఎక్కువై నడవడానికి దారి లేదు గదా అన్నది. నిజం. ఏ కాలవ వంతెన దగ్గరైనా నిలబడి చూడండి. నల్లరాతి శిలాఫలకం, పసుపురంగు అక్షరాలు. పైన గౌరవనీయులైన ముఖ్యమంత్రి, కింద మంత్రి, ఆ కింద పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, జిల్లా పరిషత్తు, మండలం, చివర్లో సర్పంచ్, అట్టడుగున కాంట్రాక్టరు. శంకుస్థాపన తేదీ ఉంటుంది. పని పూర్తయిన తేదీ తరచుగా ఉండదు. దానశాసనం వారసత్వం ఇలా అయిపోయింది. ఏం ఇచ్చారో చెప్పడం మానేసి ఎవరు వచ్చారో చెప్పడం నేర్చుకుంది. పబ్లిక్ రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జనానికి అవసరమైన సౌకర్యాలను మాత్రం మినహాయించింది. ఆ ఆదేశంలో ఒక వివేకం ఉంది. కులానికో విగ్రహం, పార్టీకో విగ్రహం అని పోటీలు పడే చోట, ఎవరి రాయి వేయాలో ఎవరు నిర్ణయిస్తారన్న నాలుగో ప్రశ్న కూడా ఇందులోంచే పుడుతుంది. దానికి భట్టిప్రోలు కరండమే దారి చూపిస్తుంది. గోష్ఠి నిర్ణయించాలి. ఇప్పుడు గ్రామసభ ఉంది. మనిషి పోయి కొన్నేళ్లు గడిచాక, పని గురించి తెలిసినవాళ్లు నలుగురూ కూర్చుని, రికార్డుల్లో సరిచూసుకోగలిగిన సంగతులే రాయాలి. పొగడ్త ఒక్క మాట కూడా అక్కర్లేదు. రాతి మీద తేదీలు ఉంటే చాలు, పొగడ్త చదివేవాడి మనసులో పుడుతుంది.

ఇంతకీ ఆ రాయి ఎలా ఉండాలి? నిలువెత్తు స్తంభం వద్దు, తలెత్తి చూసే విగ్రహం అసలే వద్దు. కాలు పోగొట్టుకున్నవాడికి రోడ్డు పక్కన అన్నిటికంటే ఎక్కువ కావలసింది ఏమిటో ఒక్కసారి ఆలోచిస్తే సమాధానం దొరుకుతుంది. కూర్చోవడానికి చోటు. కొల్లిపరలో బస్సు ఆగే చోటో, ఆసుపత్రి ముందో, కాలవ లాకుల దగ్గరో, మోకాలెత్తు రాతి అరుగు వేయాలి. పక్కన చక్రాల కుర్చీ నిలబెట్టుకునేంత ఖాళీ, లేవడానికి పట్టుకునే ఇనప కడ్డీ ఉండాలి. అరుగు ముందు పలక మీద, కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో పేరు, ఏ యుద్ధంలో ఏ రోజున ఏం పోయిందో ఒక్క పంక్తి, ఆ తర్వాత ఏ ఏడాది ఏ పని చేశాడో అయిదారు పంక్తులు. చూపు లేనివాళ్ల కోసం పక్కనే బ్రెయిలీ చుక్కలు. పసుపు దుగ్గిరాల మార్కెట్‌కు వేసి తిరిగొచ్చిన ముసలాయన, పురిటికి వచ్చిన కూతురికి తోడుగా వచ్చిన తల్లి, పుస్తకాల సంచి బరువుకు భుజం వంగిన పిల్ల వచ్చి దానిమీద కూర్చుంటారు. బస్సు వచ్చేదాకా ఆ పిల్ల కాళ్లూపుకుంటూ ఆ పంక్తులు చదువుతుంది. మొదటి పంక్తి దగ్గర కాసేపు ఆగుతుంది, పిల్లలకు గాయం అంటే కుతూహలం కాబట్టి. తర్వాత కిందివి చదువుతుంది. ఇంటికి వెళ్లాక ఆ మనిషి ఎవరని అడిగితే, అవయవం పేరు పెట్టి కాక, ఆయన చేసిన పని పేరు పెట్టి జవాబు చెప్పే పెద్దవాళ్లు ఊళ్లో మిగిలి ఉండాలి. రాయి పని అంతే, వాళ్లు మిగిలేదాకా ఆ జవాబును కాపాడటం.